మేడారం జాతరలో నాన్నగారిని వెతకడానికి చేతి పరికరం: నా సలహా

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. వచ్చే మేడారం జాతరకు నాన్నగారిని తీసుకెళ్తున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి, సరిగ్గా వినపడదు, స్మార్ట్‌ఫోన్ వాడరు. కిందటిసారి జంపన్న వాగు దగ్గర విడిపోయారు, ఫోన్లు కలవలేదు, చాలాసేపు వెతుక్కున్నారు. మీకు ఆర్డ్యూనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) వచ్చు కాబట్టి, రెండు బ్లూటూత్ మాడ్యూళ్లతో సిగ్నల్ బలాన్ని బట్టి "ఇన్ని మీటర్ల దూరంలో ఉన్నారు" అని చూపించే పరికరం చేయవచ్చా అని అడిగారు.

చేయవచ్చు. కానీ బ్లూటూత్ వద్దు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇలాంటివి తయారుచేసేవాళ్లు తమ చేతిలో ఉండే స్క్రీన్ మీదే శ్రమంతా పెడతారు. మనిషి దొరకడం మాత్రం ఎక్కువగా అవతలి మనిషి దగ్గరున్న డబ్బా మీద ఆధారపడి ఉంటుంది. మీ సమయంలో సగానికి పైగా నాన్నగారి మెడలో వేలాడే దానికి కేటాయించండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ముందు బ్లూటూత్ సంగతి. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కతో దూరం కట్టవచ్చు. కానీ మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి ఒక్క మనిషి అడ్డొచ్చినా 10 డెసిబెల్స్ పోవడం మామూలే. నాన్నగారు మీకు 5 మీటర్ల దూరంలో ఉండి అటు తిరిగితే చాలు, మీ పరికరం ఆయన 15 మీటర్ల దూరం వెళ్లిపోయారని చూపిస్తుంది. ఇక మీ ఇద్దరి మధ్య ఇరవై మంది ఉంటే ఆ అంకెకు అర్థమే ఉండదు. కొందరు ఫిల్టర్లు రాసి, సగటులు తీసి దీన్ని బాగుచేయాలని చూస్తారు. అడ్డుగా ఉన్న మనుషుల్ని ఏ ఫిల్టరూ తీసేయలేదు.

ఎయిర్‌ట్యాగ్ (వస్తువులు పోకుండా తగిలించే ఆపిల్ బిళ్ల) కొంటే సరిపోదా అని కింద వ్యాఖ్యల్లో ఒకరు అడిగారు. ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు. చుట్టుపక్కల తిరిగే ఐఫోన్లు దాన్ని గుర్తించి, తమ స్థానాన్ని ఇంటర్నెట్ ద్వారా పంపితేనే మీకు తెలుస్తుంది. జాతర రోజుల్లో నెట్‌వర్క్ మొరాయించడమే కదా అసలు సమస్య. దగ్గర్లో ఉన్నప్పుడు బాణం చూపించే సదుపాయం దానిలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ వల్ల వస్తుంది. రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్తుంది, ఆ రాకపోకల సమయాన్ని కొలిచి పది సెంటీమీటర్ల కచ్చితత్వంతో దూరం చెప్పగలదు. హాల్లో, గోడౌన్‌లో అద్భుతంగా పనిచేసే సాంకేతికత అది. కిక్కిరిసిన జనంలో మాత్రం దాని సిగ్నల్ నాలుగు వరుసలు దాటడమే కష్టం. దానితో పనిచేసే డీడబ్ల్యూ1000 మాడ్యూళ్లు మన దగ్గర దొరుకుతాయి, వేరే ప్రాజెక్టుకు దాచుకోండి.

మీ అవసరానికి సరిపోయేది జీపీఎస్, లోరా (తక్కువ శక్తితో చిన్న సందేశాల్ని దూరం పంపే రేడియో) కలిపి వాడటం. ఒక్కో పరికరం తన స్థానాన్ని జీపీఎస్‌తో తెలుసుకుని లోరాలో అవతలిదానికి పంపుతుంది. మీ పరికరం రెండు స్థానాల్ని పోల్చి దూరం, దిక్కు చూపిస్తుంది. టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. సిగ్నల్ బలహీనంగా వచ్చినా పర్వాలేదు, ప్యాకెట్ అందితే చాలు, అందులోని స్థానం సరైనదే. బలాన్ని కొలిచే పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూసుకోండి. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి 2005 నుంచి అనుమతి ఉంది. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్ దాటకూడదు, సిగ్నల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. లోరాను 125 కిలోహెర్ట్జ్ వెడల్పుతో పెట్టుకుంటే ఈ హద్దుల్లోనే ఉంటారు. బోర్డు 868 అని రాసి ఉన్నది కొనండి, ఫ్రీక్వెన్సీని కోడ్‌లో 866కు మార్చుకోవచ్చు. 915 అని ఉన్నది అమెరికా కోసం చేసినది. మన దేశంలో ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర మొబైల్ కంపెనీల పట్టీ ఉంటుంది కాబట్టి ధర తక్కువని తీసుకోకండి. వాకీటాకీల గురించి కూడా ఒక మాట. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 5 వాట్ల సెట్లకు లైసెన్స్ కావాలి. లైసెన్స్ అక్కర్లేనివి 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ శక్తి సెట్లు మాత్రమే. ఎలాగూ డప్పులు, మైకుల హోరులో మీ నాన్నగారికి వాకీటాకీ వినపడదు.

భాగాల్ని విడివిడిగా కొని బ్రెడ్‌బోర్డు మీద కలపడం మొదటిసారికి వద్దు. జనం తోపులాటలో జంపర్ వైరు ఊడితే అంతే సంగతులు. లిలీగో టీ-బీమ్ అనే బోర్డులో ఈఎస్‌పీ32 (మన కోడ్‌ను నడిపే చిప్), లోరా చిప్, జీపీఎస్, 18650 (లిథియం సెల్) బ్యాటరీ హోల్డర్, ఛార్జింగ్ అన్నీ ఒకే చోట ఉంటాయి. రెండు కొనండి. మీ దానికి చిన్న ఓఎల్ఈడీ తెర, దిక్సూచి సెన్సర్ కలపండి. నాన్నగారి దానికి తెర వద్దు. వైబ్రేషన్ మోటర్, ప్రకాశవంతమైన ఎల్ఈడీ, పెద్ద బటన్ ఒకటి చాలు. యాంటెన్నా బిగించకుండా లోరాను ఒక్కసారి కూడా ఆన్ చేయకండి, ట్రాన్స్‌మిటర్ దెబ్బతినవచ్చు. బోర్డుతో వచ్చే పొట్టి యాంటెన్నా నాసిరకంగా ఉంటే 866 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం, అంటే సుమారు 8.6 సెంటీమీటర్ల తీగ, దానికంటే మెరుగ్గా పనిచేస్తుంది.

బోర్డులు రాగానే కోడ్ రాయడం మొదలుపెట్టకుండా ముందు మెష్టాస్టిక్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే సిద్ధమైన ప్రోగ్రామ్) ఎక్కించి చూడండి. ప్రాంతం ఇండియా అని పెట్టండి, స్థానం పంపే వ్యవధిని తగ్గించండి, బ్యాండ్‌విడ్త్ 125కు సరిచూసుకోండి. అవతలి బోర్డు ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో అదే చూపిస్తుంది. మీ హార్డ్‌వేర్ బాగుందో లేదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఆ తర్వాత సొంత కోడ్ రాసినప్పుడు ఏదైనా పనిచేయకపోతే తప్పు కోడ్‌లోనే ఉందని మీకు ధైర్యంగా తెలుస్తుంది.

సొంత కోడ్‌కు రేడియోలిబ్, టైనీజీపీఎస్‌ప్లస్ లైబ్రరీలు సరిపోతాయి. ప్యాకెట్ చిన్నగా ఉంచండి: కుటుంబ గుర్తింపు సంఖ్యకు 2 బైట్లు, అక్షాంశానికి 4, రేఖాంశానికి 4, ఆ స్థానం ఎన్ని సెకన్ల కిందటిదో చెప్పడానికి 1, బ్యాటరీకి 1, బటన్ స్థితికి 1, తప్పులు పట్టడానికి ఇంకొకటి. మొత్తం 14 బైట్లు. అక్షాంశ రేఖాంశాల్ని దశాంశాలుగా కాకుండా కోటితో గుణించి పూర్ణ సంఖ్యలుగా పంపండి. 32 బిట్ల ఫ్లోట్‌లో 80 డిగ్రీల దగ్గర చివరి అంకె విలువ దాదాపు ఒక మీటరు, ఆ తప్పును ఊరికే ఎందుకు మోయడం? ఇది నాన్నగారి స్థానం కాబట్టి ఎవరుబడితే వారు వినకుండా ప్యాకెట్‌ను ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ కూడా చేయండి. ఈఎస్‌పీ32లో ఆ సదుపాయం ఉంది. ఏఈఎస్ బ్లాకు 16 బైట్లు కాబట్టి ప్యాకెట్ కొద్దిగా పెరుగుతుంది, ఇబ్బంది లేదు.

స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (లోరా సందేశం ఎంత నెమ్మదిగా, ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించే అమరిక) విషయంలో చాలామంది 12 పెడితే ఎక్కువ దూరం వెళ్తుందని అదే పెడతారు. 14 బైట్ల ప్యాకెట్ 12లో గాలిలో సెకనుకు పైగా ఉంటుంది, 9లో 165 మిల్లీసెకన్లు, 7లో 46 మిల్లీసెకన్లు. మామూలుగా 9 పెట్టండి. జాతరలో ఇంకొకరు కూడా లోరా వాడుతుంటే గాలిలో తక్కువసేపు ఉండే ప్యాకెట్‌కే దారి దొరుకుతుంది. రెండు పరికరాలూ ఒకేసారి మాట్లాడితే ఒకదాన్నొకటి వినలేవు. దీనికి పెద్ద ప్రోటోకాల్ అక్కర్లేదు, జీపీఎస్ ఇద్దరికీ ఒకే గడియారాన్ని ఉచితంగా ఇస్తోంది. మీది ప్రతి నిమిషంలో 0, 10, 20 సెకన్ల దగ్గర, ఆయనది 5, 15, 25 దగ్గర పంపేలా రాయండి.

దూరం లెక్కకు భూమి గుండ్రతనాన్ని పట్టించుకునే హావర్‌సైన్ సూత్రం అక్కర్లేదు. మేడారం దాదాపు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105.7 కిలోమీటర్లు. తేడాల్ని వీటితో గుణిస్తే ఉత్తరానికి ఎంత, తూర్పుకు ఎంత అనేది మీటర్లలో వస్తుంది, మిగతాది దూరానికి పైథాగరస్, దిక్కుకు ఏటాన్2 ఫంక్షన్.

దిక్సూచి దగ్గరే ఎక్కువ మంది విసిగిపోతారు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. మార్కెట్లో జీవై-271 పేరుతో దొరికే బోర్డు మీద ఒకప్పుడు హెచ్‌ఎంసీ5883ఎల్ చిప్ ఉండేది. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు క్యూఎంసీ5883ఎల్ ఉంటుంది. పేరు దాదాపు ఒకటే, లోపల రిజిస్టర్లు వేరు. ఐ2సీ స్కాన్‌లో (బోర్డుకు కలిపిన చిప్‌ల చిరునామాలు చూపే చిన్న ప్రోగ్రామ్) హెక్స్ 1ఈ కనిపిస్తే పాతది, 0డీ కనిపిస్తే కొత్తది, లైబ్రరీ దాన్ని బట్టి ఎంచుకోవాలి. రెండోది, 18650 బ్యాటరీ పైతొడుగు ఉక్కు. అది దిక్సూచిని లాగుతుంది. సెన్సర్‌ను డబ్బాలో బ్యాటరీకి వీలైనంత దూరంగా, ఇంకో కొసన పెట్టండి. బ్యాటరీ పెట్టి, మూత బిగించాకే క్యాలిబ్రేషన్ చేయండి. పరికరాన్ని అన్ని వైపులా తిప్పుతూ ఒక్కో అక్షానికి గరిష్ఠ, కనిష్ఠ విలువలు తీసుకుని, వాటి సగటును ప్రతి కొలత నుంచి తీసేయాలి. ఒట్టి బోర్డును బల్ల మీద క్యాలిబ్రేట్ చేసి తర్వాత డబ్బాలో పెడితే అదంతా వృథా. పరికరాన్ని బల్లపరుపుగా పట్టుకుంటేనే దిక్కు సరిగ్గా వస్తుంది. వంచి పట్టుకున్నా రావాలంటే యాక్సెలరోమీటర్ (వంపును కొలిచే సెన్సర్) కలిపి లెక్క సరిచేయాలి. మీకు ఓపిక ఉంటే చేయండి, లేకపోతే అరచేతిలో పడుకోబెట్టి చూడటం అలవాటు చేసుకోండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే, దాన్ని వదిలేయవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఆకాశం బాగా కనిపించే చోట కూడా జీపీఎస్ ఒక్కోదానిలో 5 మీటర్ల తప్పు ఉంటుందనుకోండి. ఇద్దరివీ కలిపితే సుమారు 7 మీటర్లు. నాన్నగారు 100 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు దీనివల్ల బాణం 4 డిగ్రీలు తప్పుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 10 మీటర్ల దగ్గర అదే తప్పు 35 డిగ్రీలవుతుంది. రేకుల షెడ్డు కిందో, గుడారాల మధ్యో ఉంటే ఇంకా ఎక్కువ. దూరంగా ఉన్నప్పుడు సరిగ్గా నడిపించిన బాణం, దగ్గరికి రాగానే అటూ ఇటూ గింగిరాలు తిరుగుతుంది. మేడారంలో 10 మీటర్లంటే మధ్యలో వంద మంది ఉండవచ్చు. రెండో రోజు సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వచ్చే వేళ ఆ జనాన్ని చీల్చుకుని తప్పు వైపు పది అడుగులు వేస్తే, మళ్లీ వెనక్కి రావడం మీ చేతుల్లో ఉండదు. అందుకే 15 మీటర్ల లోపు బాణాన్ని తెర మీద నుంచి తీసేయండి. తప్పుదారి పట్టించే బాణం కంటే బాణం లేకపోవడమే నయం.

ఆ చివరి 15 మీటర్లలో మీరు ఆయన్ని కనిపెట్టడం కంటే ఆయనే మీకు కనిపించేలా చేయాలి. మీ పరికరంలో బటన్ నొక్కగానే నాన్నగారి డబ్బా గట్టిగా కంపించాలి, ఎర్ర ఎల్ఈడీ మిణుకుమనాలి. ఆయనకు నేర్పాల్సింది ఒక్కటే: "డబ్బా వణికితే ఉన్నచోటే ఆగు, దాన్ని పట్టుకుని చెయ్యి పైకెత్తు." చెయ్యెత్తితే ఎల్ఈడీ తలల మీదుగా కనిపిస్తుంది. జనం మధ్యలో నొక్కుకుపోయిన యాంటెన్నా కూడా పైకొస్తుంది, సిగ్నల్ ఒక్కసారిగా మెరుగవుతుంది. జీపీఎస్‌కు ఆకాశం దొరుకుతుంది. ఇవన్నీ ఒక్క కదలికతోనే జరుగుతాయి కాబట్టే కోడ్‌లో చేసే ఏ మెరుగు కంటే ఇది విలువైనదని నేను గట్టిగా అంటున్నాను. ఆ వయసులో చెయ్యి ఎక్కువసేపు ఎత్తి ఉంచలేరు. నిమిషానికోసారి, పది సెకన్ల పాటు మాత్రమే కంపించేలా పెట్టండి. ఆయన చేతికర్ర వాడేవారైతే ఇంకా మేలు, ఎల్ఈడీనీ యాంటెన్నానూ కర్ర పైకొసకు కట్టేయండి.

బజర్ మీద ఆశ పెట్టుకోకండి. ఆ హోరులో మీకే వినపడదు. కంపనం కూడా చొక్కా మీద వేలాడే డబ్బాలో తెలియకపోవచ్చు. మోటర్‌ను వైరుతో బయటికి తీసి నడుము దట్టీకో, మణికట్టుకో తగిలేలా కట్టి చూడండి. ఎక్కడ పెడితే తెలుస్తుందో నాన్నగారినే అడగండి. ఆయన వైపు బటన్ కూడా ముఖ్యమే. "నేను తప్పిపోయాను" అని ఆయనకు ముందు తెలిసే సందర్భాలుంటాయి. వేళ్లకు బెల్లం అంటుకుని ఉంటుంది, దుమ్ము ఉంటుంది, కాబట్టి టచ్ బటన్ వద్దు. చూడకుండానే చేతికి తెలిసేంత పెద్ద ప్లాస్టిక్ బటన్, రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పనిచేసేలా పెట్టండి. లేకపోతే తోపులాటలో దానంతటదే నొక్కుకుపోయి మిమ్మల్ని టెన్షన్ పెడుతుంది.

జీపీఎస్ అస్సలు దొరకని చోట ఇంకో దారి ఉంది. హామ్ రేడియోలో (అభిరుచితో నడిపే రేడియో) దాచిన ట్రాన్స్‌మిటర్‌ను వెతికే పోటీలు ఆడేటప్పుడు మేం ఈ పద్ధతి వాడుతుంటాం. పరికరాన్ని గుండెకు ఆనించుకుని నిలబడ్డచోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి. సిగ్నల్ బాగా పడిపోయిన క్షణంలో మీ ఒళ్లే అడ్డుగా ఉందన్నమాట, అంటే అవతలి మనిషి మీ వీపు వైపు ఉన్నారు. పైన బ్లూటూత్‌ను పనికిరాకుండా చేసిన అడ్డమే ఇక్కడ మనకు దిక్కు చెబుతుంది. ఇది పనిచేయాలంటే వెతికే సమయంలో ఆయన పరికరం స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7లో సెకనుకు నాలుగైదు ప్యాకెట్లు పంపాలి, మీరు నాలుగేసి కొలతల సగటు చూడాలి. దగ్గరికొచ్చాక సిగ్నల్ అన్ని వైపులా బలంగానే ఉంటే ఆయన ట్రాన్స్‌మిట్ శక్తిని 20 నుంచి 2 డీబీఎంకు (రేడియో శక్తి కొలమానం) దించేలా ఆదేశం పంపండి, తేడా మళ్లీ తెలుస్తుంది. దీన్ని దూరం కొలవడానికి మాత్రం వాడకండి, దిక్కు కోసమే.

తెర మీద దూరం పక్కన ఆ స్థానం ఎంతసేపటి కిందటిదో తప్పక చూపించండి. "80 మీ, 4 సెకన్ల కిందట" అన్నదానికీ "80 మీ, 6 నిమిషాల కిందట" అన్నదానికీ చాలా తేడా ఉంది. రెండు నిమిషాలు దాటిన స్థానాన్ని వేరేగా, మిణుకుతూ చూపించండి.

బ్యాటరీ విషయం త్వరగా చెప్పేస్తాను. వైఫై, బ్లూటూత్ ఆపేస్తే మొత్తం వాడకం 100 మిల్లీయాంపుల చుట్టుపక్కల ఉంటుంది. మంచి 2600 ఎంఏహెచ్ సెల్‌తో ఒక పగలు, ఒక రాత్రి గడుస్తుంది. 9800 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 సెల్ ఎక్కడ కనిపించినా అది నకిలీ. జాతర నాలుగు రోజులు కాబట్టి రోజూ పడుకునేముందు పవర్ బ్యాంకుకు తగిలించండి. డబ్బాకు ప్లాస్టిక్ సబ్బు పెట్టె చాలు, లోహపు డబ్బా వద్దు. వాగులో స్నానం చేసేటప్పుడు ఎవరి దగ్గర ఉంచాలో ముందే అనుకోండి. మనుషులు ఎక్కువగా విడిపోయేది అక్కడే, అప్పుడే పరికరం ఒడ్డున బట్టల్లో ఉండిపోతే లాభం లేదు. జిప్ కవర్‌లో పెట్టి మెడలోనే ఉంచడం నా సలహా.

ఎంత దూరం పనిచేస్తుందని అడుగుతారు. ప్రకటనల్లో చెప్పే కిలోమీటర్లు గుట్ట మీది నుంచి గుట్ట మీదికి. జనం మధ్యలో ఛాతీ ఎత్తులో ఉన్న రెండు పరికరాలకు కొన్ని వందల మీటర్లు అనుకుని ప్లాన్ చేసుకోండి. అందకపోతే మీ పరికరాన్ని తల మీదికి ఎత్తి అరనిమిషం ఆగండి. మీ గుంపులో మూడో మనిషి ఉంటే బండి దగ్గరో, విడిది దగ్గర చెట్టు మీదో మూడో బోర్డు కట్టి, విన్న ప్యాకెట్‌ను ఒక్కసారి తిరిగి పంపేలా పెట్టండి. దానివల్ల వచ్చే లాభం యాంటెన్నాలు మార్చడం వల్ల రాదు.

పరీక్ష మీ డాబా మీద కాకుండా వారపు సంతలో చేయండి, ఆ తర్వాత రేకుల కప్పున్న బస్టాండులో. స్నేహితుడితో కాకుండా నాన్నగారితోనే చేయండి. ఆయనకు కంపనం తెలుస్తోందా, చెయ్యెత్తడం గుర్తుంటోందా, మెడలో బరువు చిరాకు పెడుతోందా అనేవి ఆయన చెబితేనే తెలుస్తాయి. ఇష్టం లేకుండా మెడలో వేస్తే మధ్యాహ్నానికి తీసి సంచిలో పడేస్తారు. "నిన్ను కనిపెట్టడానికి" అనకుండా "నేను తప్పిపోతే నువ్వు పిలవడానికి" అని బటన్ చూపించి ఇవ్వండి. అది నిజం కూడా, ఆ బటన్ పని అదే.

ఎలక్ట్రానిక్స్ ఎంత బాగా చేసినా ఆయన జేబులో మీ పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్‌లో ఉండాలి. కలుసుకునే చోటు ఒకటి ముందే చూపించి పెట్టండి. గద్దెల దగ్గర అనుకోవద్దు, అందరూ అక్కడే ఉంటారు. మీ విడిదికి దగ్గర్లో, దూరం నుంచి కనిపించే గుర్తు ఏదైనా ఎంచుకోండి. పావుగంటసేపు ప్యాకెట్ రాకపోతే మీరు ఆ చోటికి వెళ్లాలి, ఇంకొకరు తప్పిపోయినవారి కోసం అధికారులు పెట్టే శిబిరానికి వెళ్లాలి. అలాంటివి ప్రతి జాతరలోనూ పెడతారు, మొదటి రోజే ఎక్కడున్నాయో చూసుకోండి.

బోర్డులు తెప్పించుకుని మెష్టాస్టిక్ నడిచాక ఇక్కడే రాయండి. ఐ2సీ స్కాన్‌లో ఏ నంబరు వచ్చిందో, మీ బోర్డు మీద లోరా చిప్ ఎస్‌ఎక్స్1276నా ఎస్‌ఎక్స్1262నా అన్నది కూడా చెప్పండి. రేడియోలిబ్‌లో ఆ రెండింటికీ పిన్నుల అమరిక వేరు, దాన్ని బట్టి మొదటి ప్యాకెట్ పంపే కోడ్ రాసి పెడతాను.